తునికాకు ఊరగాయ: నలభై మార్కులు

యూనివర్సిటీ కాలేజీ క్వార్టర్స్,
భద్రాచలం రోడ్డు,
12 జూలై 2024

పూజ్యులైన ప్రమీలారాణి వదినగారికి,

మరిది వెంకటప్పయ్య నమస్కరించి తెలియజేయునది. ఇక్కడ అందరం క్షేమం. నిన్న సాయంత్రమే ఫోనులో మాట్లాడుకున్నాం కదా, ఈ ఉత్తరం ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం నిబంధన పదకొండు.

అధ్యాపకులు తమ బోధనను తామే పరిశోధించి మెరుగుపరచుకొనుటకై మా విశ్వవిద్యాలయం వారు ఈ సంవత్సరం నుంచి గ్రాంటు ఇస్తున్నారు. ముగ్గురం దరఖాస్తు చేశాం. ఒకరు మధ్యలో రిటైరయ్యారు. మరొకరు తమ బోధనలో మెరుగుపరచదగిన భాగమేదీ కనబడలేదని విరమించుకున్నారు. ఆ విధమైన తీవ్రమైన పోటీలో నేను ఎంపికయ్యాను.

గ్రాంటు పొందినవారు ఒక 'విమర్శక మిత్రుని' ఎన్నుకొని, తరగతిలో తాము గమనించిన విషయాలను సొంత దస్తూరీతో తపాలా ద్వారా తెలియజేయాలని నిబంధన పదకొండు. ఫోనులో ఆత్మపరిశీలన జరగదని బోధనాభివృద్ధి విభాగం వారి నిశ్చితాభిప్రాయం. మీరు సత్తుపల్లి బి.ఎడ్. కాలేజీలో ముప్పై ఏళ్లుగా పంతుళ్లను తయారు చేస్తున్నారు. పైగా మా మేనత్త కూతురు. నన్ను విమర్శించడంలో మీకున్న అనుభవం ఈ జిల్లాలో మరొకరికి లేదు. కనుక మిమ్మల్ని నియమించాను. నిబంధనల ప్రతి జతపరిచాను. మొదటి రెండు పేజీలు నేను చదివాను. తక్కినవి మీకు సంబంధించినవిగా తోచాయి.

పరిశోధనాంశం: నా సొంత పేపరు, 'స్థానిక అటవీ సంపద'. దీని సిలబస్ రూపకర్త, నోట్సు రచయిత, ప్రశ్నపత్రం కూర్చేవాడు, జవాబుల కీ తయారీదారు, దిద్దేవాడు, అయిదుగురూ నేనే. అందువల్ల వారి మధ్య ఇంతవరకు అభిప్రాయభేదం రాలేదు. ఇది అడవి ప్రాంతం కనుక తునికాకు మీద నలభై మార్కుల తప్పనిసరి ప్రశ్న పెట్టాను. అందులో సున్నా వస్తే మిగతా అరవైకి అరవై వచ్చినా పేపరు పోయినట్లే. అయినా మా ఉత్తీర్ణత తొంభై ఆరు శాతం.

మిగిలిన నాలుగు శాతం నుంచి ఒక బలహీన విద్యార్థిని ఎంచుకొని పైకి తేవాలని గ్రాంటు షరతు. ముత్తక్క అనే కోయ అమ్మాయిని ఎంచుకున్నాను. మిగతా పేపర్లన్నీ మొదటిసారే గట్టెక్కింది. నా పేపరు ఒక్కటి నాలుగుసార్లు తప్పింది. చేరి ఆరేళ్లు నిండుతున్నందున వచ్చే మార్చిలో రాసేదే చివరి అవకాశం. అదీ తప్పితే డిగ్రీయే రద్దవుతుంది. ప్రస్తుతం వాళ్ల గూడెం దగ్గరి ఆశ్రమ పాఠశాలలో తాత్కాలికంగా పిల్లలకు చదువు చెబుతోంది. డిగ్రీ మెమో చూపకపోతే వచ్చే జూన్ నుంచి ఆ పని ఉండదన్నారట. ఆమె ఉత్తీర్ణురాలైతే నాకు గ్రాంటు రెండో విడత, ఆపైన ప్రొఫెసరు హోదా కూడా రావచ్చునని అనధికారికంగా తెలిసింది.

ఇట్లు,
వెంకటప్పయ్య

*

సత్తుపల్లి,
3 ఆగస్టు 2024

మరిదికి ఆశీస్సులు.

నీ నియామకపు ఉత్తర్వు అందింది. నన్ను అడగకుండానే నియమించావు గనుక జీతం అడగను. ఇక్కడ బొగ్గు గని ధూళికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగు జరీ అంచుతో తిరిగొస్తోంది. అంతకుమించి విశేషాలు లేవు.

విమర్శించమన్నావు కాబట్టి మొదలుపెడతాను. నీ ఉత్తరంలో ముత్తక్క నాలుగుసార్లు తప్పిందని ఉంది. ఆమె ఏం రాసి తప్పిందో లేదు. అన్ని పేపర్లూ గట్టెక్కిన పిల్ల, పుట్టి పెరిగిన అడవి గురించిన పేపరులో తప్పడమేమిటి? నా దగ్గరికి వచ్చే బి.ఎడ్. పిల్లలకు మొదటి వారమే చెబుతాను: పిల్లవాడు తప్పు రాస్తే మార్కు వేసేముందు ఆ తప్పును రెండుసార్లు చదవమని. నువ్వు ఒకసారి అయినా చదివావా?

ఇంకొకటి. నీ బోధన ఎలా ఉంటుందో చూడకుండా నేను దేన్ని విమర్శించాలి? ఒక పాఠం, నువ్వు తరగతిలో చెప్పింది చెప్పినట్టు, అక్షరం మార్చకుండా రాసి పంపు. ఆ తునికాకు పాఠమే పంపు.

వదిన,
ప్రమీలారాణి

*

క్వార్టర్స్, భద్రాచలం రోడ్డు,
20 సెప్టెంబరు 2024

పూజ్యులైన వదినగారికి నమస్కారములు.

మీరు కోరిన పాఠాన్ని రికార్డు చేయించి, అక్షరం మార్చకుండా ఎత్తి రాశాను. ఇది నేను పంతొమ్మిదేళ్లుగా ఒకే నోట్సు నుంచి, ఒకే వేగంతో చెబుతున్న పాఠం. చిత్తగించండి.

"తునికి. ఇది మన అడవులలో విస్తారముగా పెరుగు వృక్షము. దీని ఆకు బీడీలు చుట్టుటకు ఉపయోగపడును. గిరిజనులకు ఇది ముఖ్య జీవనాధారము. ఫాల్గుణ మాసమున పొదలను నేలమట్టమునకు నరికిన పిదప, కార్తీక మాసమున పక్వమునకు వచ్చును. రుచికి పులుపు, వగరు. సి విటమిను పుష్కలము. ఉప్పు, కారము, ఆవపిండి కలిపి ఊరగాయగా సంవత్సరము పొడవునా నిల్వ చేయుదురు. గింజలు తీసి ఎండబెట్టి తలనూనెలో కాచిన వెంట్రుకలు నల్లబడును. కార్తీకమున దీని నీడన భోజనము చేయుట ఆచారము."

గమనించిన విషయం: ఈ పాఠం చెప్పేటప్పుడు తరగతిలో అపూర్వమైన క్రమశిక్షణ ఉంటుంది. ముప్పై ఒక్క మందిలో ఒక్కరూ తలెత్తరు. కొందరు పెదవులు బిగపట్టుకొని రాస్తారు. ఏకాగ్రత అనే శీర్షిక కింద దీనిని నివేదికలో చేర్చాను.

ముత్తక్కకు శనివారాలు ప్రత్యేక తరగతి పెట్టాను. రెండు బస్సులు మారి వస్తుంది. కొత్తగా కొన్న ప్రొజెక్టరు మీద నోట్సును పెద్ద అక్షరాలతో చూపిస్తున్నాను. "అర్థమైందా?" అంటే "అవ్ సార్" అంటుంది. "ఏం అర్థమైంది?" అంటే, "మీరేం చెప్తున్నరో అర్థమైంది సార్" అంటుంది. అంతకుమించి పలకదు. గ్రహణశక్తి మధ్యమం అని నమోదు చేశాను.

ఆమె జవాబుపత్రాలు పరీక్షల విభాగం బీరువాలో ఉన్నాయి. తెప్పించవలసిన అవసరం కనబడలేదు. నోట్సులో ఉన్నది రాయలేదని నాకు గుర్తుంది.

ఇట్లు,
వెంకటప్పయ్య

*

సత్తుపల్లి,
1 అక్టోబరు 2024

మరిదికి.

నీ పాఠం చదివాను. కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చదివాను. నాకేమైనా అయిందేమోనని మా ఆఫీసు అటెండరు యశోదను కూర్చోబెట్టి పైకి చదివి వినిపించాను. యశోద పుట్టిల్లు అడవి పక్క ఊరే, పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా ప్రతి వేసవీ ఆకు కోసిన మనిషి. ఊరగాయ దగ్గరికి వచ్చేసరికి ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"మళ్ల చదువుండ్రి మేడమ్," అన్నది. చదివాను.

"తునికాకు తొక్కు పెడ్తరా? మా మేకలు గూడ ముట్టయి దాన్ని. ఎవరు రాసిండ్రు గిది?"

"మా మరిది. యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు."

"చదువుకున్నోడేనా?" అని అడిగింది.

వెంకటప్పయ్యా, తునికాకు ఎండాకాలంలో కోస్తారు. నీ కాలేజీ ప్రహరీ గోడ మీద నుంచి చూస్తే ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున గంపలతో పోయే జనం కనబడతారు. నువ్వు రాసింది ఉసిరికాయ. కార్తీకంలో పండేది, ఊరగాయ పెట్టేది, తలనూనెలో కాచేది, కింద కూర్చొని భోజనం చేసేది, అన్నీ ఉసిరే. నీ నోట్సు పుస్తకం తెరిచి చూడు. వేరే ఎవరికీ చూపకముందు నువ్వు చూడు. చూసి ఏం కనబడిందో రాయి. ఆ పిల్ల జవాబుపత్రాలు తెప్పించు.

వదిన

*

క్వార్టర్స్, భద్రాచలం రోడ్డు,
14 అక్టోబరు 2024

వదినగారికి.

ఈ ఉత్తరం చదివిన వెంటనే కాల్చివేయవలసిందిగా ప్రార్థన.

నోట్సు తెరిచాను. నలభై ఒకటో పేజీ తరువాత నలభై నాలుగో పేజీ ఉన్నది. మధ్య కాగితం ముందున్న దానికి అతుక్కుపోయి ఉన్నది. నేను చేరిన ఏడాది విద్యార్థులెవరో తపసి చెట్టు బంక ముద్ద ఒకటి నమూనాగా తెచ్చి ఇస్తే, చూపించి, ఆ పేజీల మధ్యనే పెట్టి మూశాను. అది వానల చెమ్మకు మెత్తబడి అంటుకుంది. టీ కెటిల్ ఆవిరి పట్టించి, బ్లేడుతో విడదీశాను. లోపల తునికాకు పాఠంలో మిగిలిన సగం, ఉసిరి పాఠంలో మొదటి సగం ఉన్నాయి. నా సొంత దస్తూరీ. ఏప్రిల్, మే నెలల్లో కోత, యాభై ఆకులు ఒక కట్ట, కల్లంలో ఎండబెట్టుట. అన్నీ సక్రమంగా రాసుకున్నాను. ఒక్కసారీ చెప్పలేదు.

ఉసిరి అనే పాఠం నా సిలబస్‌లో ఉన్నది. అది ఏమైందని పంతొమ్మిదేళ్లలో నాకు సందేహం రాలేదు. సమయం ఆదా అవుతున్నదని మాత్రం గమనించాను.

జవాబుపత్రాలు తెప్పించాను. ముత్తక్క నాలుగుసార్లూ ఒకే జవాబు రాసింది. ఒకచోట ఇలా ఉన్నది: "మాఘం పోయినాక పొదలు కొట్టిన నలభై అయిదు దినాలకు ఎర్ర చిగురు ముదిరి ఆకు అగును. పొద్దెక్కినాక కోసిన ఆకు వాడును గనుక చీకటితో పోవలెను. చిల్లులు ఉన్న ఆకు కట్టలో పెట్టిన కల్లంలో ఆకు కొను కల్లేదారు తీసివేయును." పక్కన నా ఎర్రసిరా: "కల్పన. నోట్సు చదవవలెను." మార్కులు సున్నా. నాలుగోసారి అదే జవాబు కింద ఆమె ఒక వాక్యం చేర్చింది: "సార్, ఇది నిజం." దానికీ సున్నాయే వేశాను.

మొన్న తరగతిలో పుస్తకం మూసి, ఈ పాఠంలో మీకేమైనా సందేహాలు ఉన్నాయా అని అడిగాను. పేరు పెట్టి అడిగితే, రూప్లా అనే తండా అబ్బాయి లేచాడు.

"సందేహం ఏం లేదు సార్. మా అన్న గూడ మీ కాడనే చదివిండు. కాలేజీల కార్తీకం, అడవిల ఎండకాలం, రెండూ కలపొద్దని అప్పుడే చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"మీరు సార్ గద సార్."

వెనక బెంచీలో ఎవరో, "తొక్కు మస్తుంటదేమో అనుకున్నం సార్, మీ ఇంట్ల," అన్నారు. అప్పుడు తరగతి మొత్తం నవ్వింది. పంతొమ్మిదేళ్లుగా బిగబట్టిన నవ్వు అది. అన్నలవీ అక్కలవీ కూడా కలిసి ఉన్నాయి.

శనివారం ముత్తక్కను అడిగాను. అందరూ రాసినట్టు రాసి ఉంటే మొదటిసారే అయిపోయేది కదా, ఎందుకు రాయలేదమ్మా అని.

"మా అమ్మ ఆకు కోసి ఫీజు కట్టింది సార్. ఇంటికి పోతే, ఏం చదివినవే, చెప్పు అంటది. ఆమెకు ఏమని చెప్పాలె?"

వదినగారూ, ఇదంతా బయటపడితే గ్రాంటు, హోదా సంగతి అటుంచి, నేను ఈ కారిడారులో నడవలేను. ఆమెకు ఏదో విధంగా న్యాయం చేస్తాను. దయచేసి ఈ కాగితం కాల్చేయండి.

వెంకటప్పయ్య

*

సత్తుపల్లి,
22 అక్టోబరు 2024

మరిదికి.

కాల్చలేను. నువ్వు చదవని పేజీల్లో నిబంధన పద్నాలుగు ఉంది. 'విమర్శక మిత్రుడు తనకు అందిన ప్రతి ఉత్తరం నకలును వారం లోపల బోధనాభివృద్ధి విభాగానికి పంపవలెను.' మొదటి ఉత్తరం నుంచీ పంపుతూనే ఉన్నాను. ఈ సంగతి నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు నిజం రాసేవాడివి కాదని చెప్పలేదు. అది నా తప్పయితే తప్పే.

ఈ చివరి ఉత్తరం నకలు తీయించడానికి జిరాక్సు షాపు దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చాను. మూడోసారి తీయించి పోస్టు చేశాను. మా నాన్న నీకు అక్షరాలు దిద్దించినప్పుడు నువ్వు పలక తిప్పి దాచుకునేవాడివి. ఆ వయసు దాటిపోయింది.

'ఏదో విధంగా' అని రాశావు. ఆ మాట తీసేసి ఏ విధంగానో రాయి. మార్చి ఎంతో దూరం లేదు.

వదిన

*

క్వార్టర్స్, భద్రాచలం రోడ్డు,
9 డిసెంబరు 2024

పూజ్యులైన వదినగారికి నమస్కారములు.

విభాగం వారి నుంచి రసీదు వచ్చింది. 'ఉత్తరములు అందినవి. సంఖ్య సరిపోయినది. దస్తూరీ చక్కగా ఉన్నది.' వారు చదివారనడానికి దానిలో ఆధారమేదీ లేదు. నేను కొంత కోలుకున్నాను.

అయినప్పటికీ విషయాన్ని నేనే ప్రిన్సిపాల్ వెంకటేశ్వరరావు గారి దృష్టికి తీసుకువెళ్లాను. ఆయన తలుపు గడియ పెట్టించి, ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. ఆయన చెప్పిన చిక్కు ఇది: ముత్తక్క జవాబు ఒప్పయితే, పంతొమ్మిదేళ్లుగా ఉత్తీర్ణులైన వారందరి జవాబూ తప్పు. వారిలో ఒకరు ఇప్పుడు బ్యాంకులో మేనేజరు, ఇద్దరు ఎస్సైలు. "వాళ్ల డిగ్రీలు వాపసు తెమ్మంటావా?" అని అడిగారు. ముగ్గురం మూడు గంటలు కూర్చుని ఈ కింది తీర్మానం చేశాం.

'తునికాకు వేసవియందునూ, కార్తీకమునందునూ పక్వమునకు వచ్చునని కమిటీ భావించడమైనది. ఉభయ జవాబులకును పూర్తి మార్కులు ఇవ్వవచ్చును. ఊరగాయ విషయము స్థానిక ఆచారములకు విడువడమైనది. కుమారి ముత్తక్క ఈ తీర్మానమును అంగీకరించుచు రాతపూర్వకముగా సంతకము చేసిన ఎడల, ఆమె నాలుగో ప్రయత్నపు జవాబుపత్రమునకు మార్కులు సవరించబడును.'

శనివారం ఆమెను పిలిపించారు. ప్రిన్సిపాల్ గారు కుర్చీ చూపించి, కాగితం ముందుకు జరిపారు.

"సంతకం పెట్టమ్మా. నలభైకి నలభై వేస్తం. మెమో ఇయ్యాల్నే ఇస్తం."

ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. "రెండోది ఎక్కడుంది సార్?"

"ఏది?"

"కార్తీకంల వచ్చే ఆకు."

"ఎక్కడో ఒకకాడ ఉంటదమ్మా. దేశం పెద్దది."

"మాది చిన్న ఊరు సార్," అని ఆమె పెన్ను టేబుల్ మీద పెట్టింది. "నేను బడిల పిల్లలకు గిదే పాఠం చెప్తున్న. ఆకు కోసే పిల్లలు వాళ్లు. రేపు వాళ్లు అడిగితే నా సంతకం చూపియ్యాల్నా?"

"నీకు నౌకరి వద్దా?"

"కావాలె సార్. మార్చిల మళ్ల రాస్త."

"మళ్ల గదే రాస్తవా?"

"అవ్ సార్."

నమస్కారం పెట్టి, బస్సు వేళ అయిందని వెళ్లిపోయింది. ప్రిన్సిపాల్ గారు ఆ అమ్మాయిది మొండితనం అన్నారు. మినిట్సులో అలాగే రాశారు.

ఇట్లు,
వెంకటప్పయ్య

*

సత్తుపల్లి,
17 డిసెంబరు 2024

మరిదికి.

నీ ఉత్తరాన్ని యశోదకు వినిపించాను. "ఆ పిల్ల ఏ ఊరిది మేడమ్?" అని మాత్రమే అడిగింది.

ముత్తక్క సంతకం పెట్టలేదని వివరంగా రాశావు. కమిటీలో ముగ్గురని రాశావు. ముగ్గురం అన్నావు. ఆ తీర్మానం కింద నీ సంతకం ఉందా?

వదిన

*

క్వార్టర్స్, భద్రాచలం రోడ్డు,
6 జనవరి 2025

వదినగారికి.

ఉన్నది. మూడోది నాదే. పెట్టిన తరువాతే ఆమెను పిలిచారు. ఆమె ఆ కాగితం చదువుతున్నప్పుడు నా పేరు దగ్గర ఒక క్షణం ఆగింది. నేను కిటికీ వైపు చూశాను. ఈ భాగం మీకు రాయలేదు.

మీ ప్రశ్న వచ్చాక పది రోజులు నేను ఏ పనీ చేయలేకపోయాను. ఆ మీదట కింది చర్యలు తీసుకున్నాను. సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రిన్సిపాల్ గారికి లిఖితపూర్వకంగా ఇచ్చాను. మార్చి పరీక్షకు కీ తయారుచేసి, తునికాకు ప్రశ్నకు ఒకే జవాబు చూపాను. వేసవి. 'కార్తీకం, ఊరగాయ: సున్నా' అని కింద విడిగా రాసి, సంతకం పెట్టి, కవరులో ఉంచి లక్కముద్ర వేయించాను. పేపర్లు దిద్దే పని నుంచి తప్పుకొని, నా పేరు కూడా తెలియని వేరే జిల్లా వారికి అప్పగించమని కోరాను.

ప్రిన్సిపాల్ గారు గట్టిగా ఏమీ అనలేదు. "ప్రొఫెసరు పోస్టు ఫైలు నా టేబుల్ మీదనే ఉంది వెంకటప్పయ్యా. ఈ కవరు దాని మీద పెట్టమంటవా, కింద పెట్టమంటవా?" అన్నారు. పైన పెట్టమన్నాను. ఎందుకన్నానో నాకు ఇంకా తెలియదు.

ఈ రోజు తరగతిలో సరైన పాఠం మొదటిసారి చెప్పాను. పంతొమ్మిదేళ్లుగా తప్పు చెప్పానని, ఆ తప్పు నాదేనని, పరీక్షలో తప్పు రాస్తే సున్నా వస్తుందని మూడుసార్లు చెప్పాను. అందరూ రాసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

వెంకటప్పయ్య

*

సత్తుపల్లి,
19 ఏప్రిల్ 2025

మరిదికి ఆశీస్సులు.

మూడు నెలలుగా నీ నుంచి ఉత్తరం లేదు. పరీక్ష అయిపోయి నెల దాటింది. ఫలితం రాకపోతే రాలేదని రాయవచ్చు కదా. యశోద రోజూ పొద్దున తాళాలు ఇస్తూ, "ఆ పిల్ల సంగతి?" అంటుంది. ఏమీ తెలియదంటే నా మొహం చూసి, నేనే దాస్తున్నాననుకుంటోంది.

మొన్న ఫోనులో నువ్వు 'బాగానే ఉంది' అని పెట్టేశావు. ఫోనులో ఆత్మపరిశీలన జరగదన్న విభాగం వారి మాట నిజమేనేమో. కాగితం తీసుకో.

వదిన

*

క్వార్టర్స్, భద్రాచలం రోడ్డు,
11 మే 2025

పూజ్యులైన వదినగారికి నమస్కారములు.

ఫలితాలు మొన్న వచ్చాయి. రాసినవారు ముప్పై రెండు మంది. ఉత్తీర్ణులు ఒకరు.

నోటీసు బోర్డులో పొరపాటు పడిందనుకొని పరీక్షల విభాగానికి పరుగెత్తాను. లేదు. ముత్తక్కకు తునికాకు ప్రశ్నలో నలభైకి ముప్పై ఎనిమిది. తక్కిన ముప్పై ఒక్క మందికి అదే ప్రశ్నలో సున్నా. అందరూ కార్తీకం రాశారు. అందరూ ఊరగాయ పెట్టారు. కొందరు ఆవపిండి పాళ్లతో సహా రాశారు.

రూప్లాను పిలిపించాను. జవాబుపత్రం చూపించాను.

"ఏంది సార్, తప్పయిందా?" అన్నాడు, నాకంటే ఎక్కువ నిర్ఘాంతపోయి.

"ఎండాకాలమని మూడుసార్లు చెప్పాను కదరా."

"చెప్పిండ్రు సార్. గ్రాంటు కోసం చెప్పిండ్రనుకున్నం. సీనియర్లను అడిగినం. సార్ మీద పరిశోధన నడుస్తుంది, అందుకే గట్ల తిప్పి చెప్పి మిమ్మల్ని చూస్తుండు, పరీక్షల మటుకు తొక్కే రాయుండ్రి అన్నరు. మా అన్న గూడ ఫోన్ల గదే చెప్పిండు."

"నిజమేదో నీకు తెలుసు కదా. ఆకు కోసినవాడివి."

"తెలుసు సార్. పరీక్షల నిజం రాస్తరని తెల్వదు."

జవాబుపత్రం మడిచి, వాడిని పంపించాను.

విభాగం వారు మాత్రం ఈసారి చదివారు. ఉత్తీర్ణత తొంభై ఆరు నుంచి మూడు శాతానికి చేరినందున పరిశోధన ప్రభావం చూపినదని అంగీకరిస్తూ, ఆ ప్రభావపు దిశ విషయమై సంజాయిషీ కోరారు. రెండో విడత నిలిపివేశారు. ప్రొఫెసరు ఫైలు వెనక్కి వెళ్లింది. ఇవి నేను ఊహించినవే గనుక మిమ్మల్ని కంగారుపెట్టను.

ముత్తక్క మెమో తీసుకోవడానికి వచ్చింది. ఆశ్రమ పాఠశాల వారు జూన్ నుంచి పోస్టు ఆమెకే ఖాయం చేశారట. మెమో రెండు వైపులా చూసి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. "అమ్మకు చూపిస్త," అన్నది. నేను క్షమాపణ చెప్పవలసిన మాటలు నాలుగు వాక్యాలుగా కాగితం మీద రాసుకున్నాను. మొదటి వాక్యం దాటలేకపోయాను. ఆమె విన్నది.

పోబోతుంటే అడిగాను. ముప్పై ఒక్క మందికి జూన్‌లో సప్లిమెంటరీ ఉంది. నేను చెబితే ఇక నమ్మరు. నువ్వు వచ్చి చెబుతావా అని.

"కాలేజీల నమ్మరు సార్," అన్నది. "కల్లం కాడికి తోలుకరాండ్రి. ఆకు ఇంకా వారం రోజులుంటది. పొద్దుగాల్నే రావాలె, ఎండెక్కితే ఆకు వాడ్తది." గడప దాటి మళ్లీ ఆగింది. "మీరు గూడ రాండ్రి సార్. ఎన్నడన్న కోసిన్రా?"

లేదన్నాను.

ఈ రోజు వెళ్లాం. కాలేజీ బస్సు ఇవ్వనందున నాలుగు ఆటోలు మాట్లాడుకున్నాం. ముప్పై ఒక్క మందిలో ఇరవై తొమ్మిది మంది వచ్చారు. వాళ్లలో సగం మందికి ఆ పని నాకు మీ వంటిల్లు తెలిసినంతగా తెలుసు. అయినా చెట్టు దగ్గర నిలబడి ముత్తక్క మొదటి నుంచి చెప్పింది. కోయలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఎవరూ రాసుకోలేదు. రూప్లా రెండుచోట్ల అడ్డం వచ్చి, "మా తండ కాడ గట్ల కట్టరు," అని వాదించాడు. నా పాఠంలో పంతొమ్మిదేళ్లలో వినని వాదన అది. ఆమె వాడి చేత కట్టించి చూసి, అది కూడా సరేనన్నది.

నేను రెండు గంటలు కోసి ఒక కట్ట కట్టాను. ఆమె తల్లి గంప దించుకొని అక్కడే నిలబడి ఉన్నది. నా గురించి ఆమెకు ఎంత తెలుసో నాకు తెలియదు. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్తక్క నా కట్ట తీసుకొని, ఒక్కో ఆకూ వెలుతురుకు పట్టి చూసింది. చిల్లులు ఉన్నవి పక్కన పడేసింది. ముదురువి పక్కన పడేసింది. తడివి పక్కన పడేసింది. చివరికి ఆమె చేతిలో యాభైకి ఆరు మిగిలాయి. ఇరవై తొమ్మిది మందీ చూస్తూ ఉన్నారు.

"అందరి ముందల చెప్పాల్నా సార్, పక్కకొచ్చి చెప్పాల్నా?" అని మెల్లగా అడిగింది.

అందరి ముందే చెప్పమన్నాను.

ఇట్లు,
వెంకటప్పయ్య